బోరు నీళ్లలోనూ మెత్తగా నురిగే సబ్బు: ప్రాజెక్టు డైరీ

ఇంట్లో చేసిన సబ్బు చేతిలోకి తీసుకోగానే ఖరీదైన సబ్బులా అనిపించాలంటే అందులో ఏం ఉండాలి? షియా బటర్, కోకో బటర్ (రెండూ గింజల నుంచి తీసే గట్టి కొవ్వులు) దండిగా పోయమని చాలా రెసిపీలు చెబుతాయి. ఆ మాట మా ఇంటి నీళ్ల దగ్గర ఎంతవరకు నిలుస్తుందో తూకం పెట్టి చూసిన లెక్కలివి. మాది హైదరాబాద్. వంటింటి కుళాయిలో మంజీరా నీళ్లు, బాత్రూముల్లో బోరు నీళ్లు. మనలో చాలామంది సబ్బు వాడేది ఇలాంటి నీళ్లతోనే. కాబట్టి కొలతలు ఉన్నవి ఉన్నట్టు తీసుకోండి. పాడైన బ్యాచ్‌లు ఎందుకు పాడయ్యాయో కూడా వివరంగా రాశాను, ఆ దారిలో మీ నూనెలు పోకుండా ఉండాలని.

దశ 0: సామాన్లు, పరీక్షలు

కావలసినవి:

1. 0.1 గ్రాము వరకు చూపించే చిన్న తూకం (కాస్టిక్ సోడాకి, నిమ్మ ఉప్పుకి, అంటే సిట్రిక్ యాసిడ్‌కి), నూనెలకి మామూలు వంటింటి తూకం.
2. స్టీలు గిన్నెలు, గట్టి పీపీ (పాలీప్రొపిలీన్) ప్లాస్టిక్ మగ్గు. సత్తు గిన్నెలు అసలు వద్దు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది.
3. హ్యాండ్ బ్లెండర్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, సిలికాన్ అచ్చు.
4. కళ్లకు పూర్తిగా మూసి ఉండే అద్దాలు, మోచేతి దాకా గ్లవ్స్.
5. అక్వేరియం షాపుల్లో అమ్మే నీటి కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం) కొలిచే కిట్. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పనికొచ్చిన వస్తువు ఇదే.

కాస్టిక్ సోడాను నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే భగ్గున ఉడికి మీదకి చిమ్ముతుంది. చర్మం మీద పడితే వెనిగర్ వెతుక్కోకండి, కుళాయి కింద పెట్టి చాలాసేపు కడగండి. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

ప్రతి బ్యాచ్‌నూ ఒకే తీరులో పరీక్షించాను:

1. సీసా పరీక్ష: 1 గ్రాము సబ్బు తురుము, 100 మి.లీ. నీళ్లు, అర లీటరు సీసా. 20 సార్లు ఊపి, ఒక నిమిషం ఆగాక నురగ ఎత్తు స్కేలుతో కొలవడం. ఇదే ఆర్వో, మంజీరా, బోరు నీళ్లతో విడివిడిగా.
2. అరుగుదల: 10 సార్లు చేతులు కడుక్కున్నాక సబ్బును ఒక రోజంతా ఆరబెట్టి మళ్లీ తూచడం.
3. నానుడు: సగం సెంటీమీటరు నీళ్లున్న సాసర్లో 2 గంటలు ఉంచి, అడుగున జిగురైన పొరను గీకి తూచడం.
4. గుడ్డి పరీక్ష: సబ్బు అడుగున అంకె మాత్రమే. మా అత్తయ్య, మా ఆయన, పక్క ఫ్లాట్ అక్క వాడి చెప్పాలి. ఏ సబ్బులో ఏముందో వాళ్లకి చెప్పను.

దశ 1: ఖరీదైన నూనెల బ్యాచ్

నూనెలు మొత్తం 500 గ్రాములు:

కొబ్బరి నూనె 175, ఆలివ్ 125, షియా బటర్ 100, కోకో బటర్ 75, ఆముదం 25.
కాస్టిక్ సోడా 71.5, నీళ్లు 143.

ఒక్కో నూనె సబ్బుగా మారడానికి ఒక్కో మోతాదు కాస్టిక్ పడుతుంది. గ్రాము కొబ్బరి నూనెకి 0.183 గ్రాములు, ఆలివ్‌కి 0.135, షియాకి 0.128, కోకో బటర్‌కి 0.138, ఆముదానికి 0.128. అన్నీ కూడితే 75.25 వస్తుంది. అందులో 5 శాతం తగ్గించి వేస్తాం. అంటే ఆ 5 శాతానికి సరిపడా నూనె మారకుండా సబ్బులోనే మిగిలిపోతుంది. దీన్నే సూపర్‌ఫ్యాట్ అంటారు.

కోసేటప్పుడే తేడా తెలిసింది. అచ్చులోంచి తీసేసరికి దిమ్మ గట్టిపడిపోయి, కత్తి దిగిన చోట అంచులు పెళుసుగా విరిగాయి. బటర్లు రెండూ కలిసి 35 శాతం. వాటిలో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ, అందుకే సబ్బు రాయిలా బిగుసుకుంది. ఇంత బటర్ ఉన్న దిమ్మను కొంచెం వెచ్చగా ఉండగానే కోసేయాలి.

నాలుగు వారాలు ఆరాక సీసా పరీక్ష: ఆర్వోలో 8 సెం.మీ., మంజీరాలో 5.5, బోరులో 1.5.

బోరు నీళ్ల సీసాలో నురగ కింద తెల్లటి తుంపులు తేలాయి. బాత్రూములో వాడాక మా అత్తయ్య ఒకటే మాట అంది: "అమ్మాయ్, చెయ్యి బిర్రుగా పట్టేసిందే. పైగా కడిగినా ఏదో అంటుకునే ఉంది." బిగుతు, జిడ్డు రెండూ ఒకేసారి అన్నమాట. అదే సబ్బుతో వంటింటి సింకు దగ్గర కడుక్కుని "ఇది బాగుంది, వేరే సబ్బా?" అని అడిగింది.

తర్వాత పనంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది.

ఇప్పటివరకు: నూనెలు 500 గ్రా., ఖర్చు రూ. 393 (సామాన్లు కాకుండా).

దశ 2: నీళ్ల సంగతి

కిట్‌లో ఒక్కో చుక్క లీటరుకి దాదాపు 17.9 మి.గ్రా. కాఠిన్యం కింద లెక్క. రంగు మారేదాకా చుక్కలు వేస్తూ పోవాలి.

బోరు: 26 చుక్కలు, అంటే సుమారు 464 మి.గ్రా.
మంజీరా: 8 చుక్కలు, సుమారు 143.
ఆర్వో: 2 చుక్కలు, సుమారు 36.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 మి.గ్రా. దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా అనుమతి ఉంది. మా బోరు ఆ లోపే ఉంది, కానీ సబ్బుకి అది చాలా ఎక్కువ. ఇంట్లో ఉన్న టీడీఎస్ మీటరు ఈ పనికి సరిపోదు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, సబ్బుకి అడ్డుపడే కాల్షియం, మెగ్నీషియం ఎంతో విడిగా చెప్పదు. మనం "ఉప్పు నీళ్లు, నురగ రాదు" అంటామే, అక్కడ నురగను చంపేది చాలావరకు ఉప్పు కాదు, ఈ రెండే.

లెక్క కట్టి చూస్తే: లీటరు బోరు నీళ్లలోని ఆ కాఠిన్యం సుమారు రెండున్నర గ్రాముల సబ్బును కరగని తెల్ల మడ్డిగా మార్చేస్తుంది. బకెట్ అంచున, టైల్స్ మీద, చర్మం మీద పేరుకునేది అదే. అత్తయ్య చేతికి అంటుకున్న జిడ్డు షియా బటర్ కాదు, కాల్షియం సబ్బు. నేను పోసిన బటర్ల హాయి చర్మం దాకా చేరకముందే పైన ఈ పొర పడుతోంది.

బిగుతుకి కారణం వేరు. కొబ్బరి నూనె 35 శాతం. దానిలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. నురగ త్వరగా, దండిగా వచ్చేది దానివల్లే, చర్మం మీది సహజమైన నూనెను ఎక్కువగా లాగేసేదీ అదే. అంతేకాదు, బోరు నీళ్లలో నురగ సరిగా రాక మళ్లీ మళ్లీ రుద్దుతాం. అంటే ఒక్కసారి కడుక్కోవడానికి పట్టే సబ్బు కూడా పెరుగుతుంది.

కాబట్టి మార్చాల్సినవి రెండు. కొబ్బరి నూనె తగ్గించి, ఆ లోటు ఆముదంతో పూడ్చాలి. కాల్షియాన్ని పట్టుకునేది ఏదో ఒకటి సబ్బులోనే ఉండాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ముందు నూనెలు.

దశ 3: నూనెలు మార్చడం, దొంగ ట్రేస్

కొత్త మిశ్రమం, నూరు శాతానికి: కొబ్బరి 25, పామోలిన్ 25, ఆలివ్ 22, షియా 12, కోకమ్ బటర్ 8, ఆముదం 8.

ఎందుకంటే:

కోకో బటర్ మానేసి కోకమ్ తీసుకున్నాను. కోకమ్ మన పడమటి కనుమల పంట, స్టియరిక్ బాగా ఎక్కువ. 8 శాతంతోనే 15 శాతం కోకో బటర్ ఇచ్చినంత గట్టిదనం ఇచ్చింది, పైగా వాసన ఉండదు.

ఆముదం 5 నుంచి 8కి పెంచాను. ఆముదంలో తొంభై శాతం దాకా ఉండే రిసినోలెయిక్ ఆమ్లం సొంతంగా పెద్దగా నురగ ఇవ్వదు, కానీ వేరే నూనెలు ఇచ్చిన నురగను నిలబెడుతుంది. 10 దాటితే సబ్బు చేతికి జిగురుగా తగులుతుంది. కిరాణాలో దొరికే ఫిల్టర్ చేసిన ఆముదం చాలు.

పామోలిన్ విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లిష్ రెసిపీల్లో రాసే పామాయిల్, మన ప్యాకెట్ పామోలిన్ ఒకటి కావు. పామాయిల్లోంచి గట్టి భాగాన్ని తీసేశాక మిగిలిన ద్రవమే పామోలిన్. కాస్టిక్ లెక్క దాదాపు ఒకటే (0.141), కానీ సబ్బు మెత్తగా వస్తుంది. కోకమ్ వేసింది ఈ లోటుకి కూడా.

తవుడు నూనె మన దగ్గర చవక, చేతికి మంచి మెత్తదనం ఇస్తుంది. అయినా దూరం పెట్టాను. అందులో లినోలెయిక్ ఆమ్లం మూడో వంతు దాకా ఉంటుంది. మన ఎండలకి అలాంటి సబ్బు నిల్వలో నారింజ రంగు మచ్చలు పడి మక్కు వాసన కొడుతుంది. చేసిన రెండు మూడు నెలల్లో వాడేసేవాళ్లు 10 శాతం దాకా వేసుకోవచ్చు.

ఈ మిశ్రమంతో 250 గ్రాముల బ్యాచ్: కాస్టిక్ 34.9, నీళ్లు 70. నూనెలు 33 డిగ్రీలకి చల్లారాక, కాస్టిక్ నీళ్లూ అంతే ఉన్నప్పుడు కలిపాను. బ్లెండర్ నాలుగు తిప్పులు తిప్పేసరికే చిక్కబడింది, అచ్చులో పోశాను. మర్నాడు చూస్తే పైన నూనె తేలింది, మధ్యలో కోస్తే చిన్న చిన్న నీటి గుంటలు. వేలికి గ్లవ్స్ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆ గుంటల్లో ఉన్నది నీళ్లు కాదు, కలవకుండా మిగిలిన కాస్టిక్.

జరిగిందేమిటంటే: మామూలుగా నూనె సబ్బుగా మారుతున్నకొద్దీ మిశ్రమం చిక్కబడుతుంది. చెంచాతో తీసి పైన ధార వదిలితే గీత కొద్దిసేపు నిలుస్తుంది, దాన్ని ట్రేస్ అంటారు. మజ్జిగ పులుసు చిక్కదనం వచ్చిందంటే పోయొచ్చు. ఇక్కడ చిక్కబడింది సబ్బు కాదు. 33 డిగ్రీల దగ్గర కోకమ్, షియా చల్లబడి గడ్డకట్టడం మొదలైంది. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. గుర్తుపట్టే పద్ధతి: గిన్నెను వేడి నీళ్ల మీద పెట్టి కొన్ని డిగ్రీలు పెంచండి. మళ్లీ పలచబడితే అది దొంగ ట్రేస్.

ఆ దిమ్మను తురిమి, స్టీలు గిన్నెలో వేసి, మరుగుతున్న నీళ్ల మీద కరిగించి మళ్లీ అచ్చులో పోశాను. బట్టలకి వాడుతున్నాం, బాగానే ఉంది. కానీ ముఖానికి వాడే నునుపు ఇలా కరిగించిన సబ్బుకి రాదు.

అదే కొలతలతో ఇంకో 250 గ్రాములు, ఈసారి రెండూ 45 డిగ్రీల దగ్గర. ట్రేస్ నెమ్మదిగా, నిజంగా వచ్చింది. అచ్చు మీద మూతపెట్టి దుప్పటి చుట్టాను. దిమ్మ మొత్తం ఒకే తీరుగా వేడెక్కి, జెల్లీలా పారదర్శకంగా మారి మళ్లీ బిగిసింది. ఈ జెల్ దశ అంచుల దాకా వెళ్తేనే రంగు, నునుపు ఒకేలా ఉంటాయి. మధ్యలో మాత్రమే జరిగితే కోసినప్పుడు నల్లటి గుండ్రం కనిపిస్తుంది. చలికాలం రాత్రుల్లో హైదరాబాద్‌లో దుప్పటి తప్పనిసరి. మే నెలలో దుప్పటి చుడితే దిమ్మ మధ్యలో పొంగి పగులుతుంది, ఉత్త మూత చాలు.

నాలుగు వారాల తర్వాత సీసా: ఆర్వోలో 8.5, మంజీరాలో 6.5, బోరులో 2.5.

బిగుతు గురించి ఇక ఎవరూ అనలేదు. నురగ సన్నగా, క్రీముగా మారింది. బోరు నీళ్ల జిడ్డు మాత్రం అలాగే ఉంది.

ఇప్పటివరకు: నూనెలు 1,000 గ్రా., ఖర్చు రూ. 647.

దశ 4: నిమ్మ ఉప్పు

కాల్షియాన్ని పట్టుకోవడానికి కంపెనీ సబ్బుల్లో ఈడీటీఏ వాడతారు. ఇంట్లో దానికి దగ్గరి పని చేసేది సోడియం సిట్రేట్. నిమ్మ ఉప్పు కాస్టిక్‌తో కలిస్తే అదే తయారవుతుంది. కిరాణాలో వంద గ్రాముల ప్యాకెట్ దొరుకుతుంది.

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడాలి. నిమ్మ ఉప్పు కాస్టిక్‌ను తినేస్తుంది. మామూలుగా దొరికే మోనోహైడ్రేట్ రకం (స్ఫటికంలో నీరు కలిసి ఉన్నది) 10 గ్రాములు 5.7 గ్రాముల కాస్టిక్ తీసుకుంటుంది. అన్‌హైడ్రస్ (నీరు లేనిది) అని రాసి ఉంటే 6.2. అంతమేరకు కాస్టిక్ అదనంగా వేయాలి. ఈ అదనం వేయకపోతే ఎంత తేడా వస్తుందో కళ్లారా చూడాలని రెండు బ్యాచ్‌లు పక్కపక్కన చేశాను. ఒక్కోటి 250 గ్రాముల నూనెలు, 5 గ్రాముల నిమ్మ ఉప్పు.

బ్యాచ్ అ: కాస్టిక్ పాత లెక్కే, 34.9.
బ్యాచ్ ఆ: కాస్టిక్ 37.8.

బ్యాచ్ అ లో నూనె మిగులు 5 శాతం కాదు, దాదాపు 13 శాతం అయింది. వారమైనా వేలి గుర్తు పడేంత మెత్తగా ఉంది. సీసాలో ఆర్వో 6, మంజీరా 5, బోరు 2.5. సూపర్‌ఫ్యాట్ పెంచితే సబ్బు విలాసంగా ఉంటుందని చదివి ఉంటారు. ఇది చూశాక నేను ఒప్పుకోను. నురగ చచ్చిపోయింది, సాసర్ పరీక్షలో అడుగున 4 గ్రాముల జిగురు వచ్చింది. బ్యాచ్ ఆ లో 1.5 గ్రాములే.

బ్యాచ్ ఆ సీసా పరీక్ష: ఆర్వో 8.5, మంజీరా 7, బోరు 3.5.

బోరు నీళ్లలో 2.5 నుంచి 3.5కి పెరగడం చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ చేతి మీద తేడా చాలా ఎక్కువ. గుడ్డి పరీక్షలో ముగ్గురూ బాత్రూము సింకు దగ్గర బ్యాచ్ ఆ నే ఎంచారు. సీసాకి, చేతికి ఇంత తేడా ఎందుకో లెక్కలో దొరికింది. సీసాలో 1 గ్రాము సబ్బుకి 100 మి.లీ. నీళ్లు. ఆ గ్రాములో ఉన్న సిట్రేట్ అన్ని నీళ్ల కాఠిన్యంలో ఆరో వంతుకి మించి పట్టలేదు. చేతులు తడిపి సబ్బు రుద్దేటప్పుడు చేతిలో నిలిచే నీళ్లు 5 మి.లీ. అనుకుందాం. అరుగుదల పరీక్షలో 10 సార్లకి 3 గ్రాములు తగ్గింది, అంటే ఒక్కసారికి 0.3 గ్రా. ఈ నిష్పత్తిలో సిట్రేట్ ఆ కొద్ది నీళ్లలోని కాల్షియానికి దాదాపు సరిపోతుంది. అందుకే రుద్దేటప్పుడు క్రీము నిలుస్తుంది.

కడిగేటప్పుడు మాత్రం మళ్లీ బోలెడు నీళ్లు పోస్తాం, అప్పుడు సిట్రేట్ చాలదు, మడ్డి కొంత పడుతుంది. దీనికి సబ్బులో మందు లేదు. ఆఖరి మగ్గు మంజీరా నీళ్లు పోసుకుంటే చర్మం మీద తేడా స్పష్టంగా తెలుస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు బాత్రూములో ఒక చిన్న బకెట్ దాని కోసమే ఉంటోంది.

ఇప్పటివరకు: నూనెలు 1,500 గ్రా., ఖర్చు రూ. 905.

దశ 5: ఆరబెట్టడం

అంచులు చెక్కాక ఒక సబ్బు 115 గ్రాములు. వారం వారం తూకం:

115 – 109 – 106.5 – 105 – 104 – 103.5 – 103

నాలుగో వారానికే చాలా నీళ్లు పోయాయి, తూకంలో మిగిలింది గ్రాము తేడా. అయినా ఆరో వారం సబ్బు చేతికి వేరేగా తగులుతుంది. అరుగుదల నాలుగో వారం 10 సార్లకి 3 గ్రాములుంటే, ఆరో వారం 2.4. నురగ కూడా త్వరగా లేస్తుంది. ఆరేది నీరు ఒక్కటే కాదు, లోపల సబ్బు స్ఫటికాలు కూడా ఈ వారాల్లో సర్దుకుంటాయి. ఖర్చు లేకుండా నాణ్యత పెంచే పని ఇదొక్కటే, చాలామంది తొందరపడి వదిలేసేదీ ఇదే.

బార్లు ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడే జాలీ మీద పెట్టండి. ఇనుప జాలీ వద్దు, తుప్పు మచ్చలు దిగుతాయి. వానాకాలంలో సబ్బు మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు వస్తాయి. లోపల పుట్టిన గ్లిజరిన్ గాలిలోని తేమను లాగడం వల్ల అది. పాడైపోలేదు, ఫ్యాను గాలి చాలు.

ఇక్కడే టీఎఫ్ఎం (సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే అంకె) గురించి ఒక మాట. షాపు సబ్బు డబ్బా మీద 76 శాతం పైన ఉంటే గ్రేడ్ 1. మన సబ్బుకి లెక్క కడితే ఆరో వారం సుమారు 70 వస్తుంది. తక్కువ నూనె వేశామని కాదు. మన సబ్బులో గ్లిజరిన్ అంతా లోపలే ఉంటుంది, నీళ్లు కూడా కొంచెం ఎక్కువ. ఫ్యాక్టరీలో గ్లిజరిన్ చాలావరకు తీసేసి, సబ్బును రోలర్ల మధ్య నలిపి అచ్చు వేస్తారు. ఆ నునుపు ఇంట్లో రాదు. మన బలం గ్లిజరిన్, అది వేరే రకం మెత్తదనం. ఈ రెండిటినీ ఒకే అంకెతో పోల్చడం నాకు సరైన పనిగా అనిపించదు.

దశ 6: అంచులు, ఆకారం, తూకం

గుడ్డి పరీక్షలో నేను అనుకోనిది ఇక్కడ తేలింది. ఒకే బ్యాచ్ ఆ లోంచి రెండు బార్లు ఇచ్చాను. ఒకటి కోసింది కోసినట్టు, చదరపు అంచులతో. రెండోది అంచులన్నీ కూరగాయల పీలర్‌తో తీసి, తడి అరచేత్తో రుద్ది గుండ్రం చేసింది. పక్క ఫ్లాట్ అక్క రెండోదాన్ని పట్టుకుని "ఇందులో ఏదో ఎక్కువ వేశావు, నురగ మెత్తగా ఉంది" అంది. రెండిటిలో ఉన్నది ఒకే సబ్బు.

సబ్బు మొదట తగిలేది నురగతో కాదు, అంచుతో. పదును తగిలితే చేయి దాన్ని వదులుగా పట్టుకుంటుంది, గుండ్రంగా ఉంటే అరచేయి మొత్తం ఆనుతుంది. 1910ల చివర్లో మొదలైన మైసూర్ శాండల్ సబ్బు కోలగా ఉండటం, ఇప్పటికీ మన ఇళ్లలో దాన్ని చేతిలో తిప్పుతూ మెచ్చుకోవడం ఊరికే కాదు.

పనికొచ్చిన కొలతలు:

1. మందం 2.5 సెం.మీ. కంటే 3.2 సెం.మీ. మేలు. చేతిలో బరువు తెలుస్తుంది, చివరిదాకా విరగదు.
2. పీలర్ పని కోసిన మూడో రోజు చేయాలి. ముందే చేస్తే ముద్దగా లేస్తుంది, వారం దాటితే పొడిపొడిగా రాలుతుంది.
3. పైన తెల్లటి పొడి పొర వస్తే అది సోడా యాష్, పైభాగంలో మిగిలిన కాస్టిక్‌కి గాలి తగిలి ఏర్పడుతుంది. చేతికి గరుకుగా ఉంటుంది. ఇడ్లీ పాత్ర ఆవిరి మీద కొద్ది క్షణాలు పట్టి తుడిస్తే పోతుంది. మొదటి రోజంతా మూత తీయకపోతే చాలావరకు రాదు.
4. చెక్కిన ముక్కలు ఒక్కో బార్‌కి 5 గ్రాముల దాకా వస్తాయి. పారేయకండి, తర్వాతి బ్యాచ్‌లో కలపొచ్చు.

దశ 7: పట్టు, వాసన

పట్టు వేస్తే సబ్బు జారుడుగా ఉంటుందని చెబుతారు. ముఖానికి రుద్దుకోవడానికి అమ్మే ఖాళీ పట్టుగూడు ఒకటి తీసుకుని, కత్తెరతో వీలైనంత సన్నగా కత్తిరించి, అప్పుడే కలిపిన వేడి కాస్టిక్ నీళ్లలో వేశాను. కొన్ని నిమిషాల్లో పోగులు కరిగిపోయాయి. ఆ వాసన బాగుండదు, కిటికీ తెరిచి చేయాలి, సబ్బు ఆరాక పూర్తిగా పోతుంది. నీళ్లు చల్లారాక వేస్తే కరగదు, వెంట్రుకల్లా మిగిలి చేతికి తగులుతుంది. రంగు వేసిన దారం, జరీ కలిసిన చీర ముక్కలు వాడొద్దు.

ఫలితం: తడి సబ్బు మీద చేయి నిజంగానే ఇంకొంచెం సులువుగా జారింది. ముగ్గురిలో ఇద్దరు గుర్తుపట్టారు. నురగలో, కడిగాక చర్మంలో ఏ తేడా లేదు. ఐదు రూపాయల పని కాబట్టి ఉంచాను. లేకపోయినా సబ్బుకి లోటు లేదు.

వాసన దగ్గర మాత్రం పట్టుదలగా ఎంచుకోవాలి. మల్లె, సంపెంగ పేరుతో వచ్చే సెంటు నూనెలు కలిపిన వెంటనే మిశ్రమాన్ని బిగించేస్తాయి, పోయడానికి టైము ఉండదు. వెనీలా ఉన్నవి సబ్బును గోధుమరంగు చేస్తాయి. నారింజ, నిమ్మ నూనెలు ఆరేలోపే ఎగిరిపోతాయి. పసుపు కాస్టిక్ తగలగానే ఎర్రబడుతుంది. సున్నిపిండి, గంధం పొడి వేయాలనిపిస్తుంది కానీ సబ్బులో అవి గీసుకుంటాయి. విలాసం కోసమైతే వద్దు, నలుగు వేరుగా పెట్టుకోవడమే మంచిది.

నిలిచింది: పామారోజా 8 గ్రా., వట్టివేళ్ల నూనె 2 గ్రా., పచౌలి 2 గ్రా. పామారోజా గులాబీకి దగ్గరగా ఉంటుంది. వట్టివేళ్లు అడుగున పట్టి ఉంచుతాయి, ఆరు వారాల తర్వాత కూడా తడిస్తే వాసన లేస్తోంది. ఈ 12 గ్రాములకి రూ. 116. నూనెలన్నిటికీ అయిన ఖర్చులో దాదాపు సగం, అది తెలిసే పెట్టండి.

ఇప్పటివరకు: నూనెలు 2,000 గ్రా., ఖర్చు రూ. 1,283. చివరి బ్యాచ్ రూ. 378, ఆరు సబ్బులు, ఒక్కోటి రూ. 63.

చివరి కొలతలు, 500 గ్రాముల నూనెలకి

కొబ్బరి 125, పామోలిన్ 125, ఆలివ్ 110, షియా 60, కోకమ్ 40, ఆముదం 40.
ఆర్వో నీళ్లు 151. నిమ్మ ఉప్పు (మోనోహైడ్రేట్) 10. కాస్టిక్ సోడా 75.6 (నూనెలకి 69.9, నిమ్మ ఉప్పుకి 5.7).
పట్టుగూడు 1, వాసన నూనెలు 12.

1. నిమ్మ ఉప్పును నీళ్లలో పూర్తిగా కరిగించండి. కాస్టిక్ చెంచా చెంచాగా వేయండి. మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది, మగ్గును నీళ్ల పళ్లెంలో పెట్టుకోండి.
2. వేడిగా ఉండగానే పట్టు వేసి కరిగేదాకా కలపండి.
3. కోకమ్, షియా కరిగించి మిగతా నూనెలు కలపండి. రెండు గిన్నెలూ 45 డిగ్రీలకి రావాలి.
4. కాస్టిక్ నీళ్లను స్టీలు జల్లెడ గుండా నూనెల్లో పోయండి. బ్లెండర్ కొంచెంసేపు, గరిటె కొంచెంసేపు. పలుచటి ట్రేస్ దగ్గర వాసన నూనెలు.
5. అచ్చులో పోసి, అడుగు బల్లకి తట్టి గాలి బుడగలు తీసి, మూత పెట్టండి.
6. మర్నాడు కోయండి, మూడో రోజు అంచులు తీయండి, ఆరు వారాలు ఆరబెట్టండి.

కాస్టిక్ లెక్క మీ నూనెలకి మళ్లీ కట్టుకోండి. ఒక్క నూనె మార్చినా ఈ 75.6 పనికిరాదు. వాడే ముందు తడి వేలితో సబ్బు రుద్ది నాలుక కొసకి తగిలించండి. చురుక్కుమంటే కాస్టిక్ మిగిలిందని అర్థం, ఒంటికి వాడకూడదు. అమ్మాలనుకుంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల కింద తయారీ లైసెన్సు కావాలి, ఇంటి వంటగది దానికి సరిపోదు.

వాడేటప్పుడు సబ్బు కింద నీళ్లు నిలవని గీతల పెట్టె పెట్టండి. గ్లిజరిన్ ఉన్న సబ్బు నీళ్లలో కూర్చుంటే మన ఆరు వారాల పని ఒక వారంలో జిగురైపోతుంది. తర్వాతి బ్యాచ్‌లో నిమ్మ ఉప్పు 10 నుంచి 15 గ్రాములకి పెంచి, కాస్టిక్ 78.5కి, నీళ్లు 157కి మార్చి, బోరు నీళ్ల సీసాలో 4 సెం.మీ. దాటుతుందేమో చూస్తాను. ఎక్కువైతే సబ్బు మీద తెల్లటి పూత కట్టే అవకాశం ఉంది, కాబట్టి ముందు ఈ కొలతలన్నిటిలో సగం, 250 గ్రాముల నూనెలతోనే.